అక్కర్లేనిది

మాస్ నది ఒడ్డున, చల్లగా కొరికే రెయిలింగ్ మీద
గ్లవ్ మడిచి, దానిమీద కెమెరా పెట్టాను.
అరచేతిలో ఇమిడేది. స్టాండు లేదు.
రెండు సెకన్ల టైమర్,
నా వేలి వణుకు బొమ్మలోకి దిగకుండా.
ఆ రెండు సెకన్లూ ఊపిరి బిగబట్టాను,
కెమెరాకి నా ఊపిరితో పనిలేకపోయినా.

అవతలి గట్టున రాటర్‌డామ్:
ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూసే గాజు మేడలు,
నీళ్లలో వాటి దీపాలు, పిండుతున్న బట్టల్లా మెలికలు.
పదహారు ఫొటోలు. పదకొండు మసక.
ఒకదాంట్లో సగం పడవ.

ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే
ఒరిగిన నీటిగీతను సర్దాను.
నీడల్ని కాస్త పైకి లేపితే
నలుపులోంచి ఇసుక రాలింది. దించేశాను.
ఆకాశానికి నీలం పూశాను, మరీ ఎక్కువైంది, కడిగేశాను.

అప్పుడు ప్రోగ్రామే అడిగింది:
"అక్కర్లేనిదేదో ఉంది, తీసెయ్యమంటారా?"
ఎడమ మేడ పక్కన సన్నటి ఎర్ర గీత,
దాని చుట్టూ చుక్కల వలయం.

అది క్రేన్.
ముప్పై ఎనిమిదో అంతస్తు దాకా
కాంక్రీటు తొట్లు మోసింది.
దాని గదిలో, కాళ్లకింద గాజు పలకతో,
రెండు చలికాలాలు ఫ్లాస్కు కాఫీ తాగింది నేను.
కింద చెయ్యి ఊపే తైస్
బియ్యపుగింజంత.

సరే అని నొక్కి చూశాను.
ఎంత నున్నగా మూసుకుందో ఆకాశం!
మచ్చయినా లేదు.

వెనక్కి తెచ్చుకున్నాను.
శుక్రవారం ఎలాగూ విప్పేస్తారు,
ఆ పని వాళ్లనే చెయ్యనీ.

తైస్‌కి పంపాను.
రాత్రి ఒంటిగంటకి జవాబు:
"నీటిగీత ఇంకా ఎడమకి ఒరిగే ఉంది."