గాలి కాటా

చుట్టుగుంట సెంటర్లో కొత్తగా ఒక బోర్డు పెట్టారు.
ఎర్రటి అంకెలు, రాత్రీ పగలూ.
టిక్కీలు దించడానికి పోతూ పోతూ
నాగూర్ వలీ సైకిల్ ఆపి అడిగాడు నన్ను:
"నూట అరవై రెండంట, ఏం రకం అన్నా ఇది?
తేజానా, బాడిగా?
క్వింటా ఇంత తక్కువకి నేనెప్పుడూ వినలేదే."

గాలి రేటురా, అన్నాను.
నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.
దగ్గు తెమిలేసరికి సిగ్నల్ మళ్లీ ఎర్రబడింది.

పందొమ్మిదేళ్లుగా దడవాయిని నేను.
కాటాకి ముల్లు పోయి అంకెలొచ్చినా
కళ్లింకా ముల్లునే వెతుక్కుంటాయి.
మా యార్డులో రుతువులు పంచాంగం చూసుకుని రావు,
ముక్కులోంచి వస్తాయి.

పుష్యమాసంలో పొగమంచు
ఏటుకూరు బైపాస్ మీద లారీ లైట్లు మింగి కూర్చుంటుంది.
దాని కింద తగలబడే చెత్త పొగ, టీ బంకు బొగ్గు,
తడి గోనె వాసన.
అప్పుడు కాయ మెత్తగా ఉంటుంది, పిడికిట్లో చప్పుడు చేయదు.
"తేమ" అంటాడు కొనేవాడు.
ఆ ఒక్క మాటకి రైతు ముఖం
తాలుకాయలా పాలిపోతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు.
ఇక్కడ ఊరికే పోదు,
తన చోటు ఘాటుకి అప్పజెప్పి పోతుంది.
ఎండుకాయ గలగలమంటుంది.
బస్తా గుమ్మరిస్తే ఎర్రటి పొడి లేచి
టీ గ్లాసుల్లోకి, బడిపిల్లల ఆటోల్లోకి, రాత్రి దుప్పట్లలోకి.
ఆ నెలల్లో ఈ రోడ్డు మీద ఎవరు ఏడుస్తున్నా
ఎందుకని ఎవరూ అడగరు.
మా తమ్ముడు పోయిన కబురు
కాటా పక్కనే నిలబడి ఫోన్లో విన్నాను.
ఎవరో తడిగుడ్డ అందించి
"కళ్లు నలపమాక" అన్నారు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి.
రేకుల షెడ్డు కింద మనుషులు పగలరు, ఎండుతారు.
యార్డుకి సెలవులిస్తారు.
ఖాళీ ప్లాట్‌ఫారాల మీద వడగాలి ఒక్కత్తే
ఆ చివర నుంచి ఈ చివరకి ఊడ్చి
ఊడ్చిందంతా మళ్లీ అక్కడే పోస్తుంది.

శౌరమ్మ సంగతి చెప్పాలి.
పదేళ్లప్పటి నుంచి తొడిమలు తీసే పని.
ముక్కుకి చీరకొంగు, బుగ్గన అల్లంముక్క.
వేళ్ల మంటకి రాత్రిళ్లు
మజ్జిగ గిన్నెలో చెయ్యి పెట్టుకుని పడుకుంటుంది.
మొన్న మాఘంలో పెద్దాసుపత్రిలో
గొట్టం ఒకటి ఇచ్చి ఊదమన్నారంట.
"ముల్లు సగానిక్కూడా లేవలేదయ్యా"
అని నా దగ్గరికొచ్చి చెప్పింది,
తూకం మాట నాకే అర్థమవుతుందన్నట్టు.

నాకు తెలిసింది తరుగొక్కటే.
దుమ్ముకింత, తొడిమకింత, గోనెకింత
తీసేసి చీటీ రాస్తాను.
రైతు దాన్ని నాలుగు మడతలు పెట్టి
ఏమీ అనకుండా పోతాడు.
తీసేసిన ఆ దుమ్ము ఎటు పోయిందని
పందొమ్మిదేళ్లలో ఒక్కనాడూ అనుకోలేదు.

ఎక్కడికీ పోలేదు.
నాగూర్ వలీ నవ్వు మధ్యలో ఉంది.
నా రుమాలు నానబెట్టిన బకెట్లో అడుగున ఉంది.
శౌరమ్మ పక్కటెముకల కింద
ఏ చీటీలోనూ ఎక్కని బస్తా ఒకటి
ఏటికేడాది బరువెక్కుతూ ఉంది.

మృగశిర మూడోనాడు వాన పడింది.
రోడ్డు పక్క కాలవ కాసేపు ఎర్రగా పారి
తర్వాత మామూలు మురుగైంది.
బోర్డు మీద ముప్పై ఎనిమిది.
"రేటు పడిపోయిందన్నా!" అని
తడుస్తూనే కేకేశాడు నాగూర్ వలీ,
పడితే సంతోషించే సరుకు ఇదొక్కటే గనక.

శౌరమ్మ షెడ్డు అంచున నిలబడి
కొంగు ముడి విప్పింది.
కళ్లు మూసుకుని, మెల్లగా, లోపలికి
ఎంత పడితే అంత పీల్చింది.
దగ్గు రాలేదు. కొంచెం ఆగింది. అయినా రాలేదు.
"ఎంతుంటుందయ్యా ఇది?" అంది నా వైపు తిరిగి.

అలవాటు కొద్దీ
చెవి మీది పెన్ను తీశాను.
ఏం రాయాలో తెలియక
వాననీళ్లు తుడిచి మళ్లీ అక్కడే పెట్టుకున్నాను.
సోమవారం కోల్డ్ స్టోరేజీలు తెరుస్తారు.