గొర్రెకు ఎడమ

నారిన్ లోయలో ఆ బడికి
నిరుడు రెండు కంప్యూటర్లు వచ్చాయి.
ఒకటి దారిలోనే దెబ్బతింది.
రెండోదానికి కరెంటు కావాలి,
కరెంటుకి మంచు దయ కావాలి.
మూడో తరగతిలో పిల్లలు ఇరవైముగ్గురు.

జిపార్ టీచరు అత్తగారి పాత ఉన్నికంబళి తెచ్చి
బొగ్గుతో గళ్లు గీసి నేల మీద పరిచింది.
ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు.
ఈ మూల దొడ్డి. నడుమ వాగు.
తోడేలుకి బొమ్మ వెయ్యక్కర్లేకపోయింది,
ఎప్పుడో సిరా ఒలికిన చోటుంది.
గొర్రె మాత్రం నిజం గొర్రెదే:
మొన్నటి పెళ్లివిందులో మిగిలిన చీలమండ ఎముక.
ఒకవైపు ఎర్రరంగు పూశారు. అది మొహం.

అట్టముక్కల మీద ఆజ్ఞలు:
ముందుకు. ఎడమకు తిరుగు. కుడికి తిరుగు.
ఒకరు పేరుస్తారు, ఒకరు నడుపుతారు.
నడిపేవాడు ఆలోచించకూడదు.
"ఆలోచనంతా ముందే అయిపోవాలర్రా" అంటుంది టీచరు
జలుబు ముక్కు తుడుచుకుంటూ.

ఈ పూట నడిపేవాడు తెమిర్లాన్.
తలుపు వెయ్యరా అంటే కిటికీ తెరిచే రకం.
అలాంటివాడు ఇవాళ బుద్ధిగా బాసింపట్టు వేసి
తుచ తప్పకుండా అట్టలు చదువుతున్నాడు.

పేర్చింది బేగాయిమ్.
ముందుకు, ముందుకు, ముందుకు, ముందుకు,
గొర్రెదాటులా ఒకదాని వెనక ఒకటి.
అట్టలు చాలలేదు.
మూడు తీసేసి ఒక్కటే ఉంచి
దాని నెత్తిన నాలుగు గులకరాళ్లు పెట్టింది.
ఎవరూ నేర్పలేదది.
టీచరు తుమ్మబోయి ఆగింది.

గొర్రె వాగు దాటి, బేగాయిమ్‌కేసి మొహం పెట్టి వచ్చి,
ఎడమకు తిరిగి, ముందుకు వెళ్లి,
సిరామరకలో నిలబడింది.

"ఎడమ అన్నానా! దొడ్డి ఎడమకేగా ఉంది!"
"ఎడమకే తిప్పాను."
"అటు కాదు, ఇటు!"
తెమిర్లాన్ అట్టలన్నీ ఓసారి తిరగేసి చూశాడు.
"ఇటు అనే అట్ట లేదు."

తరగతంతా గొల్లుమంది.
బేగాయిమ్ లేచి, కంబళి చుట్టూ నడిచి
ఎముక వెనకాల బోర్లా పడుకుంది,
గడ్డం ఉన్నిలో దిగబడేటట్టు.
చాలాసేపు.
పొయ్యిలో పిడక ఒకటి విరిగి కూలింది.
"దీని ఎడమ. నాది కాదు" అంది
ఎవరితోనూ కాకుండా.
ఒక్క అట్ట మార్చింది.

ఆ మధ్యాహ్నం కరెంటు ఎప్పుడొచ్చిందో
ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఇంట్లో
తమ్ముడి చేతికి ఉన్నితొడుగు ఎక్కడం లేదు.
ఎదురుగా నిలబడి "ఎడమ చెయ్యిరా, ఎడమది" అంటే
వాడు కుడిచెయ్యి చాపుతున్నాడు.
రెండుసార్లు కసిరింది.
మూడోసారి నోరు తెరిచి, మూసుకుని,
వాడి వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది
వాడు చూస్తున్న గుమ్మంకేసే చూస్తూ.

"ఏదీ, ఇప్పుడివ్వు."