బయటికి పోయి మళ్ళీ రా

జూన్ నెల. గుడిపాల దాటినాక
మామిడి రసం ఫ్యాక్టరీ గేటు కాడనుంచి
ట్రాక్టర్లు రోడ్డు దాకా సాగినాయి.
తోతాపురి కాయ, ఎండకి పక్కలు మెత్తబడి,
టార్పాలిన్ పట్టల కింద వేడిగా ఊపిరి విడస్తా ఉంది.

తూకం అవుతా ఉంది. చీటీ మాత్రం రావడంలేదు.

కోదండపాణి ఫోన్లో అన్నాడు:
“మెషీన్లోపల మెషీన్ పెట్టి పోయినావు గదా తల్లీ,
ఆ లోపలది సాయంత్రం నుంచి అలిగింది.”

పెట్టింది నేనే.
కాటా ప్రోగ్రాము విండోస్ వదలదు,
లెక్కల ప్రోగ్రాము లినక్స్‌లో తప్ప బతకదు.
ఉండేది ఒకటే కంప్యూటరు.
అందుకని దాని కడుపులోనే ఇంకొకటి కట్టి
రెండింటికీ నడుమ ఒక ఫోల్డరు వదిలినా, వాకిలి మాదిరి.
పేరు ‘తూకం’.
బయటోడు రాస్తాడు, లోపలోడు చదువుతాడు.
అంతకు మించి దానికి పనిలేదు.

పోయి తట్టినా.
పర్మిషన్ డినైడ్.
రెండే మాటలు. కోపం కూడా లేదు వాటిలో.

యజమాని: రూట్.
గుంపు: వీబాక్స్‌ఎస్సెఫ్.
మిగిలినోళ్ళకి: మూడు అడ్డగీతలు.
చదవను లేదు, రాయను లేదు,
గడప మీద కాలు పెట్టను కూడా లేదు.

ఏడు ఏడు ఏడు కొట్టినా.
తప్పు అనలేదు, సరే అనలేదు.
మళ్ళీ చూస్తే గీతలు అట్లనే పడుకోనుండాయి.
కట్టింది బయట. లోపల నిలబడి
ఎంత మొత్తుకుంటే ఈ గోడకేమి?

అప్పుడు తెలిసింది:
రాత్రి షిఫ్టుకని మొన్న కొత్త యూజరును చేర్చినారు,
గుంపులో కలపలేదు.
ఒక్క లైను. కలిపినా.
జాబితాలో పేరు చక్కగా కనబడతా ఉంది.
తలుపు మాత్రం కదల్లేదు.

కిటికీ కాడ బంగారుపాళ్యం మునిలక్ష్మి,
చేతిలో టోకెను నూటపద్నాలుగు, చెమటకి అంకె కరిగి.
“ఏమైంది పాపా? నాకు తెలిసే మాటల్లో చెప్పు.”
“పేరు రాసినాము. అయినా లోపలికి రానీడంలేదు.”
“ఓ, అదా,” అనింది. “మాకు రోజూ ఉండేదే.”

టీ కోసమని గేటు దాకా నడిచినా.
పది దాటింది, వాచ్‌మన్ మారినాడు.
ఎత్తిరాజులు కళ్ళజోడు పైకెత్తి చూసినాడు.
“నువ్వు లోపల ఉండావు. నా పుస్తకంలో లేవే?”
“మధ్యాన్నమే సంతకం పెట్టినా తాతా.”
“అది పగటి పుస్తకం.
బయటికి పోయి మళ్ళీ రా. రాసుకుంటా.”

పోయినా.
తారురోడ్డు మీద ఒక్క అడుగు,
లారీ దుమ్ము, ఎవరో ట్రాక్టరు పైనుంచి నవ్వినారు.
తిరుక్కోని లోపలికి వస్తే
ఆయన తీరుబడిగా పేరు రాసుకున్నాడు,
తలకట్టు, దీర్ఘం, అన్నీ పెట్టి.

సంతకం సగంలో ఉండగానే వెలిగింది నాకు.
పరుగెత్తినా. టీ మాట మరిచిపోయినా.

లాగౌట్.
ఒక క్షణం నల్లటి తెర, దాంట్లో నా మొహం.
మళ్ళీ అదే పేరు, అదే పాస్‌వర్డు.
కొత్త గుంపు సంగతి
కొత్తగా వచ్చినోడికే తెలుస్తుంది.

ఫోల్డరు తెరుచుకుంది.
తొంబైమూడు తూకాలు, సాయంత్రం ఆరు నుంచి,
ఎవరూ పిలవక వరసగా కూర్చోనుండాయి.
ప్రింటరు దగ్గి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టింది.

మునిలక్ష్మి చీటీ:
మూడు టన్నుల రెండువందల నలభై కేజీలు.
తరుగు వేసినారు. ధర గడి ఖాళీ.
“రేటు ఇంకా రాలేదమ్మా,” అన్నాడు కోదండపాణి.
ఆ రేటు ఏ ఫోల్డర్లో ఉందో,
దాని యజమాని ఎవరో,
ఏ గుంపులో చేరితే అది కనబడుతుందో
నాకు తెలవదు. ఆమె నన్ను అడగనూ లేదు.

చీటీని నాలుగు మడతలు పెట్టి
రెండు కాయలు కీబోర్డు పక్కన పెట్టి పోయింది.

గేటు కాడ ఎత్తిరాజులు
వాటికి పాస్ ఏదని అడిగినాడు.