తవుడుకి కొన్నవి

ఒప్పుకోలు కాగితం మీద బొటనవేలు అద్దితే
సిరామచ్చే పడింది, గీతల్లేవు.
పలాసలో ముప్పయ్యేళ్లు పిక్కలు కొట్టిన చెయ్యి,
జీడి తినేసింది.
చుట్ట కాలుస్తావా అని డాక్టరు అడిగితే
"నానేటీ కాల్సనేదు బాబూ, బట్టీయే నన్ను కాల్సింది" అంది.

ఊపిరితిత్తి చుట్టూ ఊరిన నీరు
అరలీటరు, ఎండుగడ్డి రంగు,
ఐస్ పెట్టెలో నా ఒళ్లో కూర్చుని
శ్రీకాకుళం బస్సులో వచ్చింది.
నరసన్నపేటలో టీకి ఆపినా దిగలేదు నేను.

అంతకుముందు పదకొండు మందివి తెచ్చాను.
రెండు బూజు పట్టాయి.
నాలుగు అడుగుకి అంటనే లేదు.
తుఫాను రాత్రి జనరేటర్లో డీజిల్ అయిపోయి
మిగతావన్నీ ఒక్కసారే చల్లబడ్డాయి.

ఇది మాత్రం ఐదోనాటికి అడుగు పట్టుకుంది.
మైక్రోస్కోపు కింద
ముంజెల్లా, మూడేసి, మెరుస్తూ.

డబ్బా మీద పేరు రాయకూడదు, నంబరే.
కాగితం పట్టుకున్నదాన్ని కదా, నాకు తెలుసు:
తవిటమ్మ.
మా వైపు ఈ పేరు ఊరికే పెట్టరు.
ముందు పుట్టినోళ్లు దక్కకపోతే
తర్వాతి బిడ్డని చేటలో వేసి పొరుగావిడకిచ్చి
గుప్పెడు తవుడుకి తిరిగి కొంటారు.
ఇంత చవక సరుకు మీద చావు కన్ను పడదని.

రోజు విడిచి రోజు గులాబీ నీళ్లు మార్చాను.
పసుపు తిరిగితే ఆకలని అర్థం.
ఆదివారాలూ వచ్చాను.
నేను మేపుతున్నది ఆమెని కాదు,
ఆమెని తింటున్నదాన్ని.
తెలిసే, బతకవే బతకవే అని గొణిగాను.

మళ్లీ నీరు తీయించుకోడానికొచ్చినప్పుడు
ఫోన్లో ఫొటో చూపించాను.
చాలాసేపు చూసింది.
"ఇయ్యి నాయేనా? ఏటి పెడతన్నావు ఈటికి?"
లేగదూడ రక్తంలోంచి తీసినదని చెప్పలేక నసిగాను.
"బాగా మేపమ్మా," అంది,
"అమ్మోరి ఏటపోతుని మేపినట్టు."

తొంభయ్యారు గుంటల పళ్లెం. ఆరు మందులు.
మూడో వరస చచ్చింది.
మిగతా వరసలు నిండుగా, నిబ్బరంగా ఉన్నాయి.
ఆ మందు ఆమెకింకా మొదలెట్టలేదు,
విశాఖపట్నం నుంచి సంతకాలు రావాలి.

మిగిలిన కణాల్ని నైట్రోజన్ ట్యాంకులో దించాను.
మూత తీస్తే తెల్లగా పొగ,
ఏ వాసనా లేని పొగ.

స్టాకు రిజిస్టర్లో వెల అని ఒక గడి ఉంది.
దానంగా వచ్చినవి, సున్నా రాయాలి.
పెన్ను పట్టుకుని
ఇంకా అక్కడే ఉన్నాను.