మంచెరగని ఊళ్ళో హీటర్

కాగ్వాస్‌లో ఆగస్టు. రేకుల షెడ్డు కింద
స్పానరు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.
తొంభై తొమ్మిది నాటి హోండా బానెట్ లేపి
పాత మానిఫోల్డు ఊడదీసి బల్లమీద పెట్టాను.
పక్కన కొత్తది. నిగనిగలాడే అల్యూమినియం,
పొట్టి మెడ, వెడల్పాటి నోరు.
ఒంట్లో ఎక్కడా నీళ్ళు పారే దారి మాత్రం లేదు.

పాతదానికి ఉంది.
థ్రాటిల్ చుట్టూ, కడుపులో పేగులా,
ఇంజను కాచి పంపిన నీళ్ళు తిరిగిపోయే సన్నటి సందు.
"ఇదెందుకు మామా?" అన్నాను.
హెనారో మామ తుప్పు రంగు పట్టిన ఆ రంధ్రంలో
చిటికెన వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.
"మంచుకి" అన్నాడు.

మంచట!
ఈ ద్వీపంలో మంచంటే
తోపుడు బండివాడు గడ్డని గీరి, మీద చింతపండు పాకం పోసి
కాగితం పొట్లంలో ఇచ్చేది.
ఎక్కడో చలిదేశంలో ఎవరో ఇంజనీరు
గాలి పీల్చే గొంతులో తేమ గడ్డకడుతుందని భయపడి
కాగితమ్మీద గీసిన గీత ఇది.
ఇరవై ఐదేళ్ళుగా ఆ భయాన్ని
ఉప్పుగాలిలో, ఎండలో, మోసుకు తిరుగుతోంది ఈ బండి.

సరే, మంచు లేదు కాబట్టి నీళ్ళూ అక్కర్లేదు.
వచ్చే మొనకో రబ్బరు టోపీ, పోయే మొనకో టోపీ,
రెండు క్లాంపులు. పది నిమిషాల పని.
మామ చూశాడు. ఏమీ అనలేదు.
అనకపోవడం ఆయన పద్ధతి.

కయేయ్ కొండ ఎక్కుతుండగా పేలింది టోపీ.
పచ్చటి నీళ్ళు, తియ్యటి కంపు, ఆవిరి,
ఎర్రగీత మీదికి ఎగబాకిన ముల్లు.
రోడ్డు పక్క నిప్పుల మీద పందిని తిప్పుతున్న కొట్టాయన
బకెట్టు తెచ్చిచ్చి, నా మొహం చూసి
నవ్వాపుకోడానికి అటు తిరిగాడు.

మర్నాడు మామ నోరు విప్పాడు.
"నెరేయ్దా, కాగిన నీళ్ళ మొహాన తలుపెయ్యకూడదే.
దోవ చూపించాలి."
మూరెడు హోసు కోశాడు.
సిలిండర్ హెడ్ మొన దగ్గర మొదలెట్టి
కొత్త మానిఫోల్డు కిందుగా
థర్మోస్టాట్ పక్కనున్న ఇనప పైపు దాకా,
మడత పడకుండా, థ్రాటిల్ తీగకి తగలకుండా,
పాత వీధి కూల్చేశారని తపాలా మనిషికి
పక్క సందు చూపించినట్టు.

ఇక లోపలి గాలి తియ్యాలి.
ముందు చక్రాలు ర్యాంపెక్కించి, రేడియేటర్ మూత తీసి,
"హీటర్ పెట్టు. చివరికంటా" అన్నాడు.
ఈ బండికి ఆ మీట ఉందన్న సంగతే మర్చిపోయాను.
కదలనంది. కిర్రుమని, కదిలింది.
మిట్టమధ్యాహ్నం, కాలిన దుమ్ము వాసనతో
వేడిగాలి మొహాన కొట్టింది.
నేను బయటికి దూకాను.
మామ ఎక్కి కూర్చుని తలుపేసుకున్నాడు.

పదకొండేళ్ళు బఫలోలో ఉన్నాడు.
బస్సుల డిపోలో, రాత్రి డ్యూటీ.
అంతే తెలుసు మాకు, అంతకు మించి అడిగినవాళ్ళూ లేరు.
అద్దం వెనక చెమట ధార కడుతున్నా
రెండు చేతులూ ఆ గాలికి ఒగ్గి
అరచేతులోసారి, వెనక్కి తిప్పి ఓసారి
కాచుకుంటున్నాడు.
పెదవులు కదులుతున్నాయి.
ఎవరి పేరో. ఏదైనా బస్సు నంబరో.

రేడియేటర్ గొంతులో బుడగ లేచింది, బొళుక్కున.
హోసు పిసికాను. ఇంకోటి.
మరోటి, చిన్నది.
ఊగిసలాడుతున్న ఐడిల్
ఎనిమిది వందల దగ్గర కుదురుకుంది.
"అయిపోయింది మామా" అన్నాను.
వినలేదు.

మూత చేతిలోనే ఉంచుకుని
ఇంకా గాలి మిగిలిందేమో అన్నట్టు
హోసు పిసుకుతూ నిలబడ్డాను.