రెండు రూపాయలు

మాధవాయిపాలెం రేవులో మాది జిరాక్సు కొట్టు.
కాగితానికి రెండు. ఆధార్ కార్డుకి, రెండు పక్కలా అయితే, మూడు.
ఆ మూడు దగ్గరే వస్తుంది తంటా.
ఐదు ఇస్తారు. రెండు లేవంటాను.
"ఉంచండి, మళ్ళీ వచ్చినప్పుడు చూసుకుందాం" అంటూనే
పంటు కూత వినపడి పరిగెడతారు.
మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళకి గుర్తుండదు.
నాకు గుర్తుంటుంది. నోరు రాదు.

అలా నిండింది డబ్బా.
ఐదు కిలోల నూనె డబ్బా, మూత మీద కత్తితో పెట్టిన గాటు.
మొదట్లో చీపురు తగిలితే చాలు, ఇల్లంతా వినపడేది.
ఇప్పుడు కాలితో తన్నినా కిమ్మనదు,
కాలికే నొప్పి.

ఆదివారం. వాన. కరెంటు లేదు.
మా ఆవిడ లేసు అల్లిక పక్కన పెట్టి
చాప మీద డబ్బా బోర్లించింది.
ఆవిడ పేరు వరహాలు. వాళ్ళ తాత ఏ ఆశతో పెట్టాడో,
ఇన్నేళ్ళూ లెక్కపెట్టింది మాత్రం రూపాయలే.
కుట్లు లెక్కపెట్టి అలవాటైన వేళ్ళు,
పదేసి చొప్పున దొంతరలు లేపుతున్నాయి.
నేను మధ్యలో మాట్లాడితే
"ఇరవై ఏడు, ఇరవై ఏడు" అంటూ
కళ్ళతో కసురుతుంది.

అర్ధరూపాయిలా మోసం చేసే కొత్త రూపాయి,
బొటనవేలు చూపించే పాత రూపాయి,
బొమ్మో బొరుసో తేలనంత అరిగిన రెండు,
ఏ హారతి పళ్ళెం దాటి వచ్చిందో, పసుపు వదలని ఐదు,
ఒక చొక్కా గుండీ,
ఒక పావలా. ఎవరు అంటగట్టారో, నేనెలా తీసుకున్నానో.
ఇంకోటి, రెండు రూపాయలది, మీద గోళ్ళరంగు ఎర్ర చుక్క.
మా పిల్ల ఆరేళ్ళప్పటి పని.
దాన్ని వరహాలు దొంతరలో పెట్టలేదు.
లెక్కలోనూ చెప్పలేదు.
నేను చూడనట్టే ఉన్నాను.

రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్ళకి ఇత్తడి వాసన.

బ్యాంకులో అమ్మాయి తలెత్తకుండా
"వందేసి కట్టలు కట్టి మంగళవారం రండి" అంది.
మంగళవారం ఆవిడ సెలవు.
గంధం సూర్రావు కిరాణాకి పట్టుకెళితే
పది బిళ్ళలన్నీ వేలితో ఇవతలికి నెట్టేశాడు.
"ఇవి మనూళ్ళో చెల్లవండి."
"చెల్లుతాయని గవర్నమెంటు చెప్పింది కదయ్యా."
"గవర్నమెంటు నా దగ్గర పెసరపప్పు కొనదు కదండి."
పక్కన మాట్లాడే పెట్టె
ఎవరిదో పదకొండు రూపాయలు అందాయని
ఊరంతటికీ చాటింది.

చివరికి రేవులో టికెట్లు కొట్టే ఏసుపాదం.
పొద్దున లేస్తే వాడి జపం ఒకటే: "చిల్లర ఇవ్వండి బాబూ, చిల్లర."
హ్యాండిలుకి సంచి తగిలిస్తే
సైకిలు నా మాట వినలేదు, రేవు పల్లానికి అదే లాక్కుపోయింది.
"లెక్క చూసుకో."
"మీరు చూశారుగా."
"మా ఆవిడ చూసింది."
"అయితే పర్లేదండి."
రొయ్యల తడి ఆరని నోట్లు చేతిలో పెట్టాడు.
పది బిళ్ళలూ వద్దనలేదు,
సఖినేటిపల్లి గట్టున అడ్డులేకుండా పోతాయట.
ఆరేడు నిమిషాల నీళ్ళు దాటితే చాలు, డబ్బు డబ్బయిపోతుంది.
ఇన్నాళ్ళూ ఇవతల కూర్చుని నేనేం తెలుసుకున్నట్టు?

ఇప్పుడు చీపురు తగిలితే డబ్బాలో ఒక్కటే మోగుతుంది.
పావలా.

నిన్న ఒక ముసలాయన, గొడుగు మడత పెట్టకుండానే లోపలికి వచ్చి
రేషను కార్డు చాచాడు.
"అప్పుడెప్పుడో రెండు ఉండిపోయాయి నీ దగ్గర,
వరదల ముందు."
నాకు గుర్తు లేదు.
అంత బాగా గుర్తుంటుందనుకున్న నాకు.
సరేనని గల్లా లాగాను. అన్నీ నోట్లే.
సొరుగు మూలలు తడిమాను. గుండుసూదులు.
ఇంట్లో ఒకటుంది, సరిగ్గా రెండు రూపాయలది,
వరహాలు కొంగు ముడిలో.
దాన్ని అడిగే ధైర్యం నాకు లేదు.

పంటు కూసింది.
ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి
"ఉంచులే" అన్నాడు,
కాగితం తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని
వానలోకి దిగాడు.