మొలలోతు

నలభై ఏళ్లుగా సముద్రం మీదే బతుకుతున్నాను,
ఈత రాదు.
సెనెగల్ నది ఉప్పునీళ్లలో కలిసే చోట మా పేట.
ఇక్కడ ఎవర్నడిగినా ఇంతే.
పడవ తిరగబడితే ఈతగాడు
ఇంకో గంట ఎక్కువ అవస్థ పడతాడంతే, అనేవాడు మా నాన్న.
ఆ మాటే నా కూతురికి అప్పజెప్పాను
వలతోపాటు.

ఖుడియా వల తీసుకుంది.
మాట తీసుకోలేదు.
పదకొండేళ్లది. లెక్కల పుస్తకం వెనక అట్ట మీద
నీలం పెన్నుతో సముద్రం అడుగు గీసింది.
"అక్కడికి దిగుతా నాన్నా.
నువ్వు పైనుంచి లాగేవన్నీ
వాటిళ్లలో ఎలా ఉంటాయో చూసొస్తా."

నవ్వాను. చేపకి ఇల్లేమిటి?
ఆ రాత్రి మాత్రం నిద్ర రాలేదు.
నలభై ఏళ్లు తలుపు తట్టకుండా
ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చాను?

శుక్రవారం మా పడవ కదలదు.
నది వైపు, మొలలోతు నీళ్లలో,
నా వీపు కింద దాని రెండు అరచేతులు.
"ఒళ్లు బిగబట్టకు. నీళ్లతో పోట్లాడకు."
తాడు లాగీ లాగీ కాయలు కాసిన చేతులివి,
వదలడం వీటికెవరూ నేర్పలేదు.
చెవుల్లోకి నీళ్లు. పైన ఎండ, ఒక గెద్ద.
ఒక్క క్షణం,
అబద్ధమెందుకు, అర క్షణం
తేలాను.

తల తిప్పి చూద్దును కదా,
దాని చేతులు
ఎప్పుడు తీసేసిందో గానీ, నడుమ్మీద ఉన్నాయి.

"వచ్చేవారం కళ్లు తెరిచి మునుగుదాం" అంది.
సరే అన్నాను.
మీ అమ్మకి చెప్పకు, అన్నాను.